ప్రభుత్వసేవలు: క్రొత్త పద్ధతులకు విత్తనపు సొమ్ము



ఈ పూట నేను ప్రస్తావింపబోవు విషయము ధనమునకు సంబంధించినది. అయినను అది పన్నులను గూర్చి గాని, అప్పులను గూర్చి గాని కాదు. ప్రభుత్వము ప్రజలకు చేయు సేవలు బాగుపడవలెనన్నచో అప్పుడప్పుడు క్రొత్త పద్ధతులను ప్రయత్నించి చూడవలెను. ఆ ప్రయత్నమునకు కావలసిన సొమ్ము ఎక్కడనుండి రావలెను? దానిని ఏ క్రమమున ఖర్చు చేయవలెను? ఫలితమును ఎవరు లెక్క చూడవలెను? ఈ మూడు ప్రశ్నలే నా ప్రసంగమునకు విషయము.

పంట కళ్ళమునుండి ఇంటికి చేరగానే తెలిసిన రైతు మొదట చేయు పని విత్తనములను వేరుచేయుట. తిండిగింజలు గాదెలోనికి పోవును. విత్తనపుగింజలు వేరుగా ఎండి, వేరుగా దాగును. ఇంటిలో ఎంత ఇబ్బంది కలిగినను వాటి జోలికి ఎవరును పోరు. అవి ఈ యేటి ఆకలికి ఉద్దేశించినవి కావు. రాబోవు పంటకు ఉద్దేశించినవి.

ఇక ప్రభుత్వపు బడ్జెటును విప్పి చూడుడు. ఉద్యోగుల జీతములు, పింఛనులు, అప్పులపై వడ్డీలు, ఇదివరకే నడచుచున్న పథకముల ఖర్చులు: ఇవియే దానిలో పెద్ద పద్దులు. ఇవి యన్నియు తిండిగింజలు. వీనిని తప్పించుటకు వీలులేదు, తప్పింపవలసినదియు లేదు. కాని ఇదే సేవను ఇంతకంటె శీఘ్రముగా, ఇంతకంటె న్యాయముగా, ఇంతకంటె తక్కువ ఖర్చుతో చేయు మార్గమేదైన కలదా అని వెదకుటకు ప్రత్యేకించిన పద్దు అందులో మిక్కిలి అరుదు. అనగా గాదె నిండుగా నుండవచ్చును గాని విత్తనపు మూట మాత్రము కనబడదు.

ఇందుకు కారణములు లేకపోలేదు. ఒక ఉద్యోగి క్రొత్త పద్ధతిని ప్రయత్నించి నెగ్గినచో ఆ మెప్పు పదిమంది పంచుకొందురు. ఓడినచో ఆడిటువారి ఆక్షేపణ మాత్రము అతని యొక్కని పేరనే వచ్చును. పాత పద్ధతిని అనుసరించి చెడిపోయినవానిని ఎవరును ప్రశ్నింపరు. క్రొత్త పద్ధతిని త్రొక్కి చెడిపోయినవానిని అందరును ప్రశ్నింతురు. పైగా మంజూరైన సొమ్ము మార్చి 31వ తేదీలోగా ఖర్చు కానిచో మురిగిపోవును. నెమ్మదిగా పరీక్షించి చూడవలసిన పనికి ఇట్టి గడువు అనుకూలింపదు. కావున ఉద్యోగి మంచివాడైనను, తెలివిగలవాడైనను, తనకు పూర్వము నడచిన బాటనే నడచుచుండును. తప్పు మనిషిలో కంటె ఏర్పాటులో ఎక్కువగా నున్నది.

క్రొత్త పద్ధతి యనగా యంత్రమే కానక్కరలేదు. సేవ పాతదే యైనను దానిని అందించు తీరు మారినచో అదియును క్రొత్త పద్ధతియే. 108 సంగతి మీలో తెలియనివారుండరు. ఆసుపత్రులును, వైద్యులును, మోటారుబండ్లును, టెలిఫోనులును పూర్వము లేనివి కావు. వీనిని ఒక త్రాట కట్టి, ఆపదలోనున్నవాడు ఒక్క అంకె చెప్పిన చాలును, బండియే అతని యొద్దకు వచ్చునట్లు చేయుట క్రొత్తది. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమయ్యెను. మొదట ఒక ధర్మసంస్థ దాని భారము వహించెను. అది పనికివచ్చునని తేలిన పిమ్మట ప్రభుత్వము ఖర్చులో అధికభాగమును తనపై వేసికొని రాష్ట్రమంతటను వ్యాపింపజేసెను. పిదప ఇతర రాష్ట్రములును దానిని స్వీకరించెను. విత్తనపు సొమ్ము ఒకరు పెట్టగా, పంట కనబడిన తరువాత సర్కారు సేద్యమునకు పూనుకొనెనన్నమాట.

చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదానికి పోవుట మన దేశమునకు క్రొత్త కాదు. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టినది 1847 మొదలు 1852 వరకు. అయితే అతడు నేరుగా గోదావరిమీదికి రాలేదు. అంతకు ముందే 1836లో తంజావూరు సీమలో కొల్లిడము నదికి ఆనకట్టలు కట్టి, ఇసుకనేలపై పునాది ఎట్లు నిలుచునో చూచుకొనెను. ఆ విద్యను కూడ అతడు కావేరిపై మన పూర్వులు కట్టిన కల్లణ ఆనకట్టను పరిశీలించియే గ్రహించెను. కొల్లిడము ఫలితము కన్నుల యెదుట నుండుటచేతనే గోదావరికి అంత ధనము పెట్టుడని పైవారిని అడుగుటకు అతనికి బలము కలిగెను.

మన కాలములో ఇట్టి విత్తనపు సొమ్మును దేశమంతటికి కేటాయించిన ప్రయత్నమొకటి కలదు. 2010 నుండి 2015 వరకు వర్తించిన పదుమూడవ ఆర్థికసంఘము, శ్రీ విజయ్ కేల్కర్ అధ్యక్షతను, ప్రతి జిల్లాకును 1 కోటి రూపాయల చొప్పున ‘జిల్లా నూతనకల్పనా నిధి’ ఒకటి ఏర్పరుపవలెనని సిఫారసు చేసెను. దాని ఉద్దేశము పెద్ద భవనములు కట్టుట కాదు. ఇదివరకే లక్షలు పోసి కట్టిన వసతి ఒక చిన్న కొఱతవలన నిరుపయోగముగా నున్నచో ఆ కొఱతను పూరించుట. ఉదాహరణమునకు, ఆసుపత్రికి యంత్రము వచ్చియుండును గాని దానికి తగిన విద్యుత్తు తీగ ఉండదు. బడికి గదులుండును గాని నీటి కుళాయి ఉండదు. గిడ్డంగి ఉండును గాని బండి పోవుటకు వంద గజముల బాట ఉండదు. పెద్ద సొమ్ము నిద్రించుచుండగా దానిని మేలుకొలుపుటకు చిన్న సొమ్ము ఎవరి పద్దులోను దొరకదు. ఆ చిన్న సొమ్మే ఈ నిధి. అందులో మరియొక మంచి నిబంధన గలదు. ఏ పనికైనను నిధినుండి నూటికి 90 పాళ్ళకు మించి ఈయరాదు. మిగిలిన 10 పాళ్ళు ప్రజలనుండి గాని, స్వచ్ఛందసంస్థలనుండి గాని రావలెను. తన చేతి పైకము పది రూపాయలు పడిన చోట మనిషి మిగిలిన తొంబదింటి లెక్కను కూడ అడుగును. ఆ నిధి 2015తో ముగిసినను అందలి ఆలోచన ముగిసినది కాదు.

సొమ్ము ఉన్నంత మాత్రమున చాలదు. క్రొత్తది ఎల్లప్పుడును మంచిది కాదు. మంచిదో కాదో తెలిసికొనుటకు కొలత కావలెను. ఈ సంగతిని మన తెలుగునేలపైననే జరిగిన ఒక గొప్ప పరీక్ష చక్కగా వెల్లడించుచున్నది. దానిని కొంచెము వివరముగా చెప్పెదను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఉపాధి హామీ పథకము క్రింద పనిచేసిన కూలీలకు డబ్బు ఎక్కువగా పోస్టాఫీసుల ద్వారా అందుచుండెడిది. పోస్టాఫీసు పొరుగూర నుండవచ్చును. అక్కడకు పోవుటకు ఒక పూట, నిలుచుండుటకు ఒక పూట, ఒక్కొక్కప్పుడు ‘రేపు రమ్ము’ అను మాట. కూలివాడు రేపు పోవుట యనగా రేపటి కూలి పోగొట్టుకొనుట. ఇదిగాక కాగితముపై వ్రాసిన దినములు వేరు, నిజముగా పనిచేసిన దినములు వేరు. మధ్యనున్న తేడా దారిలో కరగిపోవుచుండెడిది.

దీనికి విరుగుడుగా ప్రభుత్వము ‘స్మార్ట్‌కార్డు’ అను పద్ధతిని ప్రవేశపెట్టెను. కూలీయొక్క ఛాయాచిత్రమును, వేలిముద్రలను తీసి ఒక కార్డు నిచ్చిరి. డబ్బు చెల్లించువారు ఆ గ్రామమునందే నివసించువారు. వారిచేతిలో ఒక చిన్న యంత్రము. కూలీ వచ్చి వ్రేలు ఉంచగా యంత్రము పోల్చుకొని రసీదు నిచ్చును. కొన్ని యంత్రములు చెల్లించిన మొత్తమును తెలుగులో బిగ్గరగా చదివి వినిపించెడివి కూడ. చదువురాని ముదుసలికి ఆ కంఠము ఎంత ఆసరాయో మీరే ఊహింపగలరు. ఈ పని చేసిన బ్యాంకులకు ప్రభుత్వము చెల్లించిన మొత్తముపై నూటికి 2 వంతున రుసుము నిచ్చెను. వృద్ధులు, వితంతువులు మొదలగువారి పింఛనులకును ఇదే పద్ధతి నుపయోగించిరి.

ఇచ్చట ప్రభుత్వము చేసిన మెచ్చదగిన పని యొకటి కలదు. మండలములన్నిటను ఒకేసారి ప్రవేశపెట్టుటకు బదులు, ఏవి ముందు, ఏవి వెనుక అను విషయమును చీట్లు వేసి నిర్ణయించుటకు అంగీకరించెను. 2010 మొదలు 2012 వరకు జరిగిన ఈ పరీక్షలో ఎనిమిది జిల్లాలకు చెందిన 157 మండలములు చేరెను. వానిలో 112 మండలములకు కార్డులు ముందుగా వచ్చెను. 45 మండలములకు తరువాత. అచ్చటి జనసంఖ్య సుమారు 1 కోటి 90 లక్షలు. లెక్క చూచినవారు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అను ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు. వారి ఫలితములు 2016లో అచ్చుపడెను.

చీట్లు ఏల వేయవలెను? ఈ న్యాయము రైతునకు తెలియనిది కాదు. క్రొత్త విత్తనము వచ్చినపుడు ఒక మడిలో పాతది, ప్రక్క మడిలో క్రొత్తది చల్లి, రెంటికిని ఒకే నీరు, ఒకే ఎరువు పెట్టి చూచును. నల్లరేగడిలో క్రొత్తదియు, చౌడునేలలో పాతదియు చల్లి, ‘చూచితిరా, క్రొత్తదే మేలు’ అనువానిని మనము నవ్వుదుము. అట్లే ఉద్యోగులు పట్టణమునకు దగ్గరనున్నవి, సమర్థుడైన అధికారి గలవి అగు మండలములను ఏరి క్రొత్త పద్ధతిని పెట్టినచో, ఫలితము పద్ధతిదో అధికారిదో తెలియదు. చీట్లు వేసినపుడు మంచినేల, చౌడునేల రెండు ప్రక్కలను సమముగా పడును. అప్పుడు కనబడు తేడా పద్ధతిదే.

ఇక ఫలితములను వినుడు. డబ్బు పుచ్చుకొనుటకు పట్టు కాలము ప్రతి పర్యాయమును సగటున 22 నిమిషములు తగ్గెను. పని ముగిసిన పిదప కూలి చేతికందుటలో ఆలస్యము నూటికి 29 పాళ్ళు తగ్గెను. ఉపాధి పనిలో ప్రభుత్వము విడుదల చేసిన 100 రూపాయలకు పాత పద్ధతి నడచిన మండలములలో సుమారు 31 రూపాయలు కూలీకి చేరకుండ పోవుచుండగా, క్రొత్త పద్ధతి వచ్చిన చోట ఆ మొత్తము సుమారు 18కి దిగెను. ప్రభుత్వము అదనముగా విడుదల చేసినది లేదు. కూలీలకు అందినది మాత్రము పెరిగెను. కూలీలకు మిగిలిన కాలమును వెలకట్టి చూచినచో, ఆ వెల యొక్కటియే పద్ధతికైన ఖర్చుతో సమానమగుచున్నదని వారు లెక్క తేల్చిరి. ఆ ఉపయోగించినవారిలో నూటికి 90 మంది క్రొత్తదియే మేలనిరి.

అయినను ఇది పరిపూర్ణముగా జరిగినదనుకొనరాదు. రెండేండ్లు గడచినను ఆ మండలములలో చెల్లింపులలో దాదాపు సగము మాత్రమే క్రొత్త దారిని పట్టినవి. కార్డు లేనివారికి, వేలిముద్ర పోలనివారికి పాత దారినే డబ్బు ఇచ్చుచుండిరి. ఈ చివరి మాటను గుర్తుంచుకొనుడు. దీనితో మరల పని కలదు.

ఇంత మేలు జరిగినను 2013లో ఈ పథకమును ఎత్తివేయుదమా అను ఆలోచన ప్రభుత్వములో బయలుదేరెను. ఏలయన, పై అధికారులకు క్రిందినుండి వచ్చు వర్తమానములలో చిక్కులే తప్ప సుఖములు కనబడలేదు. యంత్రము చెడిపోయినదని, బ్యాంకువాడు రాలేదని ఫిర్యాదులు వెల్లువగా వచ్చెను. అందులో కొన్ని నిజమే. కాని దారిలో కరగు సొమ్ము ఎవరికి నిలిచిపోయెనో వారి కంఠము బిగ్గరగా వినబడుటయు, 22 నిమిషములు మిగిలిన లక్షలాది కూలీల కంఠము అసలే వినబడకుండుటయు దానికి కొంత కారణము. మేలు పొందినవాడు మౌనముగా ఇంటికి పోవును. లాభము పోయినవాడు కచేరీకి వచ్చును. అట్టి సమయమున ఆ లెక్కలు ప్రభుత్వము ముందుండుట పథకము నిలుచుటకు తోడ్పడెను. కొలత లేనిచోట గట్టిగా అరచినవానిదే గెలుపు.

ఇంతవరకు విని, వేలిముద్ర యంత్రము మంచిదని తేలినది గదా, దేశమంతట పెట్టవచ్చునని మీరనవచ్చును. అక్కడనే చిక్కున్నది. జార్ఖండు రాష్ట్రములో 2016లో రేషన్ దుకాణములవద్ద ఇట్టి యంత్రమునే పెట్టిరి. అచ్చట మాత్రము వ్రేలు పోలినగాని బియ్యము లేదనిరి. ఆ ముగ్గురు పండితులే అక్కడ కూడ చీట్లు వేసి పరీక్షించి చూచిరి. యంత్రము పెట్టినంత మాత్రమున దారిలో పోవు ధాన్యము చెప్పుకోదగినంత తగ్గలేదు. ఆధార్ సంఖ్య రేషన్ కార్డుతో అంతకు ముందు జోడింపబడనివారు నూటికి 23 మంది. వారికందు సరుకు సగటున పదింట ఒకవంతు తగ్గిపోయెను. బియ్యము తెచ్చుకొనుటకైన శ్రమయు, ఖర్చును సామాన్యులకు కూడ పెరిగెను. తరువాత 2017లో యంత్రపు లెక్కలనుబట్టి దుకాణదారుని నిల్వను సరిచూడ మొదలుపెట్టగా దుర్వినియోగము తగ్గినది గాని, దానితో పాటు న్యాయముగా రావలసినవారికి కూడ కొంత కోత పడెను.

యంత్రము ఒకటే. ఒకచోట మేలు చేసినది, ఒకచోట పేదవాని పళ్ళెమునుండి తీసినది. తేడా ఎక్కడ? ఆంధ్రప్రదేశములో యంత్రము పోల్చుకొననివానికి ప్రక్కదారి తెరచియుంచిరి. పైగా చెల్లింపు ఊరిలోనికి వచ్చి కూలీకి సౌకర్యము పెరిగెను. జార్ఖండులో ప్రక్కదారి మూసిరి, సౌకర్యమేమియు కలుపలేదు. ఒకచోట పద్ధతిని కూలీ సుఖముకొఱకు అల్లిరి. మరియొకచోట ఖజానా పొదుపు కొఱకు అల్లిరి. ఇది గ్రామమున అనుభవమున్న పెద్ద యెవరైనను ముందుగానే చెప్పగల మాట. రాళ్ళు మోసి, నాట్లు వేసి వ్రేళ్ళు అరిగిపోయిన ముసలివాని ముద్ర యంత్రమునకు పోలకపోవచ్చునని పట్టణములోని గదిలో తోచకపోవచ్చును గాని రచ్చబండ దగ్గర ఎవరికైనను తోచును. అందుచేత ఒకచోట నెగ్గిన పద్ధతిని సయితము మరియొకచోట మరల చిన్నగా పరీక్షింపక పెద్దగా పెట్టరాదు. ఆ పరీక్షకైన ఖర్చు దండుగ కాదు. ఆకలికి వేసిన అడ్డుకట్ట.

క్రొత్త పద్ధతికి విశేషధనము అవసరమే యనుకొనరాదు. తెలంగాణములో 2018లో రైతుబంధు పథకము క్రింద పంటకు ఎకరమునకు 4,000 రూపాయల వంతున చెక్కులు పంచిరి. సుమారు 57 లక్షల రైతులకు అవి చేరవలెను. చీట్లు వేసి ఏరిన కొన్ని మండలములలో అధికారులకు ముందుగా ఒక్క మాట చెప్పిరి: ‘మీ రైతులకు మేము ఫోను చేసి, చెక్కు అందినదా, ఎప్పుడందినది అని అడిగెదము, దానినిబట్టి మీ పని కొలువబడును.’ ఇంతే. క్రొత్త ఉద్యోగులు లేరు, క్రొత్త కట్టడములు లేవు. చెక్కు అందని రైతుల సంఖ్య ఆ మండలములలో నూటికి 7.8 వంతున తగ్గెను. ఇట్లు రైతులకు అదనముగా చేరిన ప్రతి 100 రూపాయలకును ఫోనులకైన ఖర్చు 3 రూపాయల 60 పైసల చొప్పున మాత్రమే పడెను. లబ్ధిదారుని నోటిమాటకు ప్రభుత్వము చెవి యొగ్గుటయే ఇచ్చటి క్రొత్త పద్ధతి.

‘పది ప్రయత్నములలో ఏడెనిమిది ఓడిపోవును గదా, ప్రజల సొమ్ము అట్లు పోగొట్టవచ్చునా?’ అను సందేహము న్యాయమైనదే. దీనికి సమాధానము అమెరికా దేశమునుండి దొరకుచున్నది. ఆ దేశపు విదేశసహాయశాఖలో 2010లో క్రొత్త పద్ధతులకై ఒక నిధిని పెట్టిరి. తరువాత 2019లో నోబెల్ బహుమానము నందిన ఆర్థికవేత్త మైఖేల్ క్రేమర్ దాని స్థాపకులలో ఒకడు. ఆ నిధి క్రమమిది: తలపుకు చిన్న మొత్తము, పరీక్షలో నిలిచినదానికి అంతకంటె పెద్ద మొత్తము, అనేకులకు మేలు చేయునని ఋజువైనదానికే మిక్కిలి పెద్ద మొత్తము. 2010 మొదలు 2012 వరకు ఇచ్చిన 41 సహాయములను క్రేమరును, అతని తోటివారును తరువాత లెక్క చూచిరి. వానిలో చాల భాగము విశేషముగా వ్యాపింపలేదు. కాని బాగుగా వ్యాపించిన కొద్దివాని లాభమే, మొత్తము నిధిలో పెట్టిన ప్రతి డాలరునకును కనీసము 17 డాలర్ల మేలుగా తేలెను. ఆ సహాయశాఖ 2025లో మూతపడినను ఆ లెక్క చెప్పు నీతి మూతపడలేదు. చల్లిన గింజలన్నియు మొలవవు. మొలచినవే పుట్లు పండించును. మొలవనిదానిపై నీరు పోయుచుండకుండుటయే రైతు నేర్పు. కావున ఓటమి చిన్నదిగా, శీఘ్రముగా, బహిరంగముగా జరుగవలెను. చిన్న సొమ్ముతో ఓడిన ప్రయత్నము పాఠము; పరీక్ష లేక వేయి కోట్లతో ఓడిన ప్రయత్నము నేరము.

ఈ చెప్పినదాని సారమును నేను నాలుగు మాటలలో నిలిపెదను. ప్రతి శాఖయు తన సొమ్ములో కొంచెము విత్తనముగా వేరుచేయవలెను; అది మార్చి నెలతో మురిగిపోకుండ చూడవలెను. ఆ సొమ్ములో ఒక భాగము కొలతకే కేటాయింపవలెను. కొలత లేని ప్రయత్నము త్రాసు లేని బేరము వంటిది. మంచి యుద్దేశముతో, నియమము ప్రకారము ప్రయత్నించి ఓడిన ఉద్యోగిని దండింపరాదు. ఓటమిని దాచినవానిని దండింపవలెను. నెగ్గినదానికి మాత్రము తరువాతి బడ్జెటులో తిండిగింజలతో సమానమైన స్థిరస్థానము కల్పింపవలెను. లేనిచో పరీక్ష ముగియుటతోనే పద్ధతియు ముగియును.

ఇందులో మీ పని యేమి? మీ గ్రామమునకు క్రొత్త కార్డో, క్రొత్త యంత్రమో, క్రొత్త దరఖాస్తు విధానమో వచ్చినపుడు గ్రామసభలో అయిదు ప్రశ్నలు అడుగుడు. ఇది ఇంతకు ముందు ఎక్కడ పరీక్షింపబడినది? ఆ ఫలితము ఎవరు కొలిచిరి? యంత్రము పనిచేయని దినమున, వ్రేలు పోలని ముదుసలికి ప్రక్కదారి యేది? దీనివలన సౌకర్యము ఎవరికి, కచేరీకా, కూలీకా? ఆరు నెలల తరువాత బాగులేదని మేము చెప్పినచో వినువారెవరు? ఈ ప్రశ్నలకు బదులు చెప్పగల ఉద్యోగికి మీ సాయము ఇండు. చెప్పలేనివానికి కొంత వ్యవధి యిండు. కాని ప్రశ్నను మాత్రము విడువకుడు.

ఎవరైనను లెక్కలు వ్రాసికొనుటకు మీ వాకిటికి వచ్చినపుడు ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. అందినది అందలేదనకుడు, అందనిది అందినదనకుడు. మొగమాటముచేత గాని, భయముచేత గాని పలికిన అబద్ధము మీ ఊరి పుస్తకములోనే ఆగిపోదు. ఆ మాటపై ఆధారపడి ఇంకొక జిల్లాలో ఎవరి బియ్యమో పెరుగును, లేదా తరుగును. మీకు మేలైన పద్ధతి యొకటి నడచుచున్నచో ఆ సంగతిని కూడ వ్రాతమూలమున పైవారికి తెలియజేయుడు. మేలు పొందినవారు మౌనముగా నుండుటవలన ఎట్టి పద్ధతి పోవ సిద్ధమైనదో ఇంతకుమునుపే వింటిరి.

సర్కారు సొమ్ము మన సొమ్మే. దానిలో కొన్ని గింజలు రేపటికై చల్లుటకు మనము అంగీకరింపవలెను. మొలక వచ్చినదా లేదా అని గట్టుమీద నిలిచి చూచు హక్కును మాత్రము ఎవరికిని విడిచిపెట్టరాదు.